హుద్‌హుద్ ఆపిన ఖబర్

సూరె నమల్ తెలిసిన వాళ్లందరికీ హుద్‌హుద్ పిట్ట తెలుసు. సులైమాన్ అలైహిస్సలాం తన లష్కర్‌ని చూసుకుంటూ పిట్టల దగ్గరికి వచ్చేసరికి హుద్‌హుద్ కనిపించదు. చెప్పకుండా ఎటు పోయిందని ఆయనకు కోపం వస్తుంది. కాసేపటికి అది తిరిగొచ్చి, సబా దేశం నుంచి ఖబర్ తెచ్చానంటుంది. అక్కడొక రాణి ఉందని, ఆమె, ఆమె ఖౌమ్ సూర్యుడికి సజ్దా చేస్తున్నారని చెబుతుంది. చిన్నప్పుడు ఈ వాఖయా విన్నప్పుడు మన ధ్యాసంతా మాట్లాడే పిట్ట మీదే ఉంటుంది. పత్రికల్లో పనిచేయడం మొదలుపెట్టాక నా దృష్టి ఆ తర్వాతి ముక్క మీద ఆగింది. సులైమాన్ నబీ ఆ ఖబర్‌ని వెంటనే నమ్మెయ్యలేదు, కొట్టిపారెయ్యనూ లేదు. నిజమో అబద్ధమో చూద్దామన్నారు. ఒక ఖత్ రాసి, ఆ పిట్టకే ఇచ్చి పంపారు. అంటే తస్దీఖ్ చేసుకున్నారు. తెచ్చినదెవరు, ఎక్కడి నుంచి తెచ్చారు, నిజమేనా అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే ఏ మాటైనా ఖబర్ అవుతుంది. లేకపోతే అది అఫ్వా.

2014 అక్టోబర్ 12, ఆదివారం. బక్రీద్ వెళ్లి ఇంకా వారం కాలేదు. ఆ మధ్యాహ్నం విశాఖపట్నాన్ని కొట్టిన తూఫానుకు కూడా ఆ పిట్ట పేరే. ఈ సముద్రంలో పుట్టే తూఫానులకు చుట్టుపక్కల దేశాలు వంతులవారీగా పేర్లు ఇస్తాయి. హుద్‌హుద్ అనే పేరు ఒమన్ ఇచ్చింది. ఖబర్ తెచ్చే పిట్ట పేరు పెట్టుకుని వచ్చిన ఆ తూఫాను మన ఊళ్లో ముందుగా చేసిన పని ఖబర్ ఆపేయడం. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో హవా వీచింది. కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. సెల్ టవర్లు కొన్ని కూలాయి, నిలబడినవి కరెంటు లేక ఆగిపోయాయి. ఎయిర్‌పోర్టు పైకప్పు చిరిగిపోయింది. కైలాసగిరి మీద వాతావరణ శాఖ పెట్టిన డాప్లర్ రాడార్ కూడా ఆ పూట మూగబోయింది. తూఫాను ఎక్కడుందో చెప్పాల్సిన కన్నే మూసుకుపోయిందన్నమాట.

హైదరాబాద్‌లో కొడుకులు, దుబాయ్‌లో అల్లుళ్లు, రియాద్‌లో తమ్ముళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఎవరి ఫోనూ మోగలేదు. అల్లిపురంలో అమ్మీ ఎలా ఉంది, గాజువాకలో ఆపా ఇంటి పైకప్పు ఉందా ఎగిరిపోయిందా, ఎవరికీ తెలియదు. మన ఇళ్లలో ఏ ఖత్ అయినా ఖైరియత్‌తోనే మొదలయ్యేది. ఇక్కడ మేమంతా ఖైరియత్, అక్కడ మీ ఖైరియత్ కోసం దుఆ. ఆ ఒక్క ముక్క చేరడానికి దారి లేకుండా పోయింది. ఏళ్లుగా చేతిలో ఫోను పెట్టుకుని తిరిగిన ఊరు ఒక్క మధ్యాహ్నంలో నూరేళ్లు వెనక్కి పోయింది.

అలాంటి రోజుల్లో నడిచే సాధనం ఒకటుంది. దాన్ని హామ్ రేడియో అంటారు, సర్కారీ భాషలో అమెచ్యూర్ రేడియో. ఉర్దూ చదువుకున్న చెవికి హామ్ అనగానే ‘హమ్’ గుర్తొస్తుంది, అంటే మనం. ఆ ఇంగ్లీషు మాటకూ మన మాటకూ చుట్టరికం ఏమీ లేదు గానీ పోలిక మాత్రం బాగానే కుదిరింది. జీతం కోసమో వ్యాపారం కోసమో కాకుండా, షౌక్ కోసం, ఇల్మ్ కోసం సొంతంగా వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని, సర్కారు ఇజాజత్‌తో సాటి శౌకీన్లతో మాట్లాడే మనిషిని హామ్ అంటారు. మామూలు రేడియోలో మనం వింటాం, అంతే. ఇందులో విని జవాబు కూడా చెబుతాం. పాటలు వేయకూడదు, బేరాలు మాట్లాడకూడదు, గూఢభాషలో మాట్లాడకూడదు. ప్రతి హామ్‌కీ సర్కారు ఒక పేరు ఇస్తుంది. దాన్ని కాల్‌సైన్ అంటారు. మన దేశంలో అవి చాలావరకు వీయూ2, వీయూ3 అని మొదలవుతాయి. అండమాన్‌ది వీయూ4, లక్షద్వీప్‌ది వీయూ7. పాకిస్తాన్ కాల్‌సైన్లు ఏపీతో మొదలవుతాయి. మన రాష్ట్రం పేరును కూడా ఏపీ అనే రాసుకుంటాం కాబట్టి, కొత్తగా నేర్చుకునే మన పిల్లలు ఇక్కడ ఒకసారి నవ్వుకుంటారు.

ఇది పనిచేసే తీరు చెప్పుకుంటే, ఫోన్లు పోయినా ఇదెందుకు మిగులుతుందో అర్థమవుతుంది. మన సెల్‌ఫోను పక్కింటికి మాట్లాడినా టవరు మీదుగానే పోవాలి. టవరుకు కరెంటు కావాలి, టవర్ల మధ్య కేబుల్ కావాలి, ఎక్కడో పెద్ద యంత్రాలు నడుస్తుండాలి. ఈ గొలుసులో ఒక్క కడియం తెగితే అంతా తెగినట్టే. హామ్‌కు కావాల్సింది ఒక సెట్టు, ఒక కారు బ్యాటరీ, ఒక తీగ. 7 మెగాహెర్ట్జ్ బ్యాండు కోసమైతే ఆ తీగ సుమారు 20 మీటర్లు ఉంటే చాలు. రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టెయ్యొచ్చు. ఆ తరంగాలు నేల నుంచి పైకి పోయి, ఆకాశంలో వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ అనే పొరను తాకి మళ్లీ కిందికి వంగుతాయి. మధ్యలో సముద్రం ఉందా, కొండలు ఉన్నాయా అన్నది వాటికి అడ్డు కాదు. ఆ పొరను పగలు సూర్యుడు ఒకలా మారుస్తాడు, రాత్రి అది ఇంకోలా ఉంటుంది. అందుకే పగలు వినిపించని ఊరు మగ్రిబ్ తర్వాత వినిపిస్తుంది. అల్లాహ్ తలా మన నెత్తి మీద ఒక అద్దం పెట్టాడు, దాన్ని వాడుకోవడం మనిషి నేర్చుకున్నాడు.

ఆ అద్దాన్ని పరిశోధించిన వాళ్లలో మన ఊరి వాళ్లున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు, ఆయన శిష్యులు అయనోస్ఫియర్ మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ పొరలోని గాలులు ఎటు కదులుతున్నాయో వాల్తేరు నుంచి కొలిచారు. అందుకే 1950లు, 60ల నాటి ఆ శాస్త్ర పత్రికల్లో వాల్తేరు పేరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మనం సాయంత్రం షికారుకు వెళ్లే వాల్తేరు అప్‌ల్యాండ్స్, ఆకాశం చదివే వాళ్లకు ఒక ముఖ్యమైన చిరునామా.

నిజానికి ఈ ఊరికి దూరంతో మాట్లాడే అలవాటు రేడియోకు ముందు నుంచే ఉంది. పాతపట్నంలో ఓడలు లోపలికి వచ్చే కాలువ పక్కన మూడు కొండలున్నాయి. ఒక దాని మీద చర్చి, ఒక దాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒక దాని మీద హజ్రత్ ఇస్‌హాక్ మదనీ ఔలియా దర్గా. పూర్వం వచ్చే ఓడలు, పోయే ఓడలు దర్గాకు ఎదురుగా రాగానే జెండాను మూడుసార్లు దించి ఎత్తి సలాం చేసేవని పాత గ్రంథాల్లో రాసి ఉంది, మన పెద్దవాళ్లూ చెప్పేవాళ్లు. నావికులకు అది అఖీదత్. ఒడ్డున నిలబడి చూసే వాళ్లకు మాత్రం అదొక ఖబర్ కూడా: ఓడ ఒడ్డు చేరింది, మనవాళ్లు సలామత్‌గా ఉన్నారు.

ఓడరేవు 1933లో మొదలైంది. ఆ ఏడాది అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ ముందుగా లోపలికి వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ ఊరి ఇళ్లల్లో సగం ఇంతెజార్ సముద్రం వైపే. ఇక్కడి నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు సుమారు 1,200 కిలోమీటర్లు, ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. 2011 జనగణన లెక్కల్లో అండమాన్‌లో ప్రతి వంద మందికి 13 మంది మాతృభాష తెలుగు. అక్కడ ఏం జరిగినా ఇక్కడ అన్నం సహించని ఇళ్లు ఉంటాయి.

మన చరిత్రలో అండమాన్ అంటే కాలా పానీ. 1857 గదర్‌లో తెల్లవాళ్లకు ఎదురు నిలిచారని అల్లామా ఫజ్లె హఖ్ ఖైరాబాదీని అక్కడికి పంపారు. 1861లో ఆయన అక్కడే వఫాత్ అయ్యారు. ఆయన రిహాయీ కాగితం పట్టుకుని కొడుకు ఓడ దిగేసరికి ఎదురుగా ఒక జనాజా పోతోందని, ఎవరిదని అడిగితే తండ్రిదేనని తెలిసిందని ఒక రివాయత్ తరతరాలుగా నడుస్తోంది. ఆ రివాయత్ మన ఇళ్లల్లో అంతగా నిలిచిపోవడానికి కారణం ఉంది. అందులో విడుదల కాగితం ఉంది, కొడుకు ప్రేమ ఉంది. ఆలస్యమైంది ఖబర్ ఒక్కటే. దూరం అంటే మైళ్లు మాత్రమే అనుకుంటాం. ఇళ్లలో కూర్చున్న వాళ్లకు దూరం అంటే ఖబర్ రావడానికి పట్టే రోజులు.

ఆ రోజుల్ని నిమిషాలుగా మార్చే హునర్ మన దేశంలోకి శౌకీన్ల చేతుల మీదుగా కూడా వచ్చింది. 1921లో కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్తు 2జేకే అనే కాల్‌సైన్‌తో మన దేశపు మొదటి హామ్‌లలో ఒకరయ్యారు. 1924లో మద్రాసులో సి.వి. కృష్ణస్వామి చెట్టి, ఆయన మిత్రులు కలిసి మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పెట్టారు. అప్పటికి విశాఖపట్నం ఆ ప్రెసిడెన్సీలోదే. సర్కారు రేడియో ఇంకా పుట్టక ముందే వాళ్లు తమ సొంత యంత్రంతో సంగీతం, ప్రసంగాలు వినిపించారు. డబ్బులు లేక 1927లో మూసేసి, యంత్రాన్ని మద్రాసు కార్పొరేషన్‌కు ఇచ్చేశారు. 1930లో కార్పొరేషన్ దాని మీద మళ్లీ ప్రసారాలు మొదలుపెట్టింది.

ఇటు నిజాం రాజ్యంలో మహబూబ్ అలీ అనే తపాలా శాఖ ఉద్యోగి 1930ల మొదట్లో హైదరాబాద్ చిరాగ్ అలీ గల్లీలో సొంతంగా ఒక చిన్న రేడియో స్టేషన్ నడిపారు. 1935లో నిజాం సర్కారు దాన్ని తీసుకుంది. మన పెద్దవాళ్లు ప్రేమగా తలుచుకునే దక్కన్ రేడియోకు మూలం అదే. ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ కూడా అందులో వినిపించేవి. ఇవన్నీ ప్రసారాలే, హామ్‌లలా ఎదురుబదురు సంభాషణలు కావు. అయినా మొదట తీగ పట్టుకున్నది హుకూమత్ కాదు, షౌక్ ఉన్న మామూలు మనిషి అని చెప్పడానికి ఇవి చాలు.

తర్వాత జంగ్ వచ్చింది. 1939లో అంగ్రేజీ సర్కారు హామ్‌ల లైసెన్సులు రద్దు చేసింది, సెట్లు అప్పగించమంది. 1942 మార్చిలో జపాన్ వాళ్లు పోర్ట్‌బ్లెయిర్ పట్టుకున్నారు. ఏప్రిల్ 6న వాళ్ల విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. పడిన బాంబుల కంటే పాకిన మాటలు ఎక్కువ. జపాన్ వాళ్లు దిగుతున్నారట, ఓడలు కనిపించాయట అంటూ జనం మూటలు కట్టుకుని ఊరు ఖాళీ చేశారు. ‘అట’ అనే ఒక్క మాట ఊళ్లను ఖాళీ చేయించగలదు. ఎవరు చెప్పారు అని అడిగితే దానికి పేరు ఉండదు.

అదే ఏడాది ఆగస్టు 27న బొంబాయిలో కాంగ్రెస్ రేడియో మొదలైంది. క్విట్ ఇండియా ఉద్యమంలో పత్రికల నోరు మూసేస్తే, ఉషా మెహతా, ఆమె సాథీలు రహస్యంగా నడిపిన స్టేషన్ అది. యంత్రం కట్టిన వాళ్లలో నారిమన్ ప్రింటర్ అనే హామ్ ఉన్నాడు. నవంబర్ 12న పోలీసులు స్టేషన్‌ని పట్టుకున్నారు. వాళ్లకు దారి చూపింది కూడా ఆ ప్రింటరే. యంత్రం కట్టిన హునర్ ఆయనదే, అమానత్‌లో ఖియానత్ చేసిందీ ఆయనే. వైర్‌లెస్ అనేది ఎంత గొప్ప సాధనమైనా, దాని వెనక మనిషి ఎలాంటివాడో మాట కూడా అలాంటిదే అవుతుంది. ఉషా మెహతా మాత్రం విచారణలో నోరు విప్పలేదు, జైలుకు వెళ్లారు.

మన ఊరి సముద్రంలోనే 1971లో ఆకాశవీధి మీదుగా నడిచిన ఇంకో కథ ఉంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, మన విక్రాంత్ నౌక కోసం వెతుకుతూ వచ్చింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్ వైపు దాచి, రాజ్‌పుత్ అనే పాత ఓడను విక్రాంత్‌లా నటించమన్నారు. ఆ ఓడ కావాలనే వైర్‌లెస్‌లో ఎడతెగకుండా మాట్లాడింది. అమ్మకు జబ్బుగా ఉందట, ఎలా ఉంది అని ఒక నావికుడు అడిగినట్టు మామూలు టెలిగ్రాం కూడా పంపించామని కృష్ణన్ తర్వాత తన పుస్తకంలో రాశారు. డిసెంబర్ 3, 4 మధ్య రాత్రి ఘాజీ మన రేవు బయటే మునిగిపోయింది. రాజ్‌పుత్ ముంచిందని మనవాళ్లంటారు, దానంతటది పేలిపోయిందని వాళ్లంటారు. సినిమా కూడా వచ్చింది కాబట్టి మిగతా కథ మీకు తెలుసు. నాకు ఆ టెలిగ్రామే గుర్తుంటుంది. జంగ్‌లో మోసం ఒక హథియార్, అందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. కానీ మోసానికి సైతం నమ్మదగిన మాట కావలసి వస్తే వాళ్లకు దొరికింది అమ్మ ఖైరియత్. ఆ మాటను అనుమానించే మనిషి ఏ దేశంలోనూ ఉండడని వాళ్లకు తెలుసు. మునిగిన వాళ్ల ఖైరియత్ కోసం కూడా ఎక్కడో అమ్మలు ఇంతెజార్ చేసే ఉంటారు.

జంగ్ ఆకాశాన్ని దాచడానికి, మోసగించడానికి వాడుకుంటుంది. హామ్‌ల కానూన్ దానికి పూర్తిగా ఉల్టా. దాచకూడదు, మారుపేరు పెట్టుకోకూడదు. మాట్లాడేటప్పుడు నీ కాల్‌సైన్ చెప్పాలి, ఎవరితో మాట్లాడుతున్నావో వాళ్ల కాల్‌సైన్ చెప్పాలి. తారీఖు, టైము, ఫ్రీక్వెన్సీ పుస్తకంలో రాసుకోవాలి. అవతలి వాడి ఆవాజ్ ఎలా వినిపిస్తోందో నంబర్లలో ఉన్నదున్నట్టు చెప్పాలి. తర్వాత ఇద్దరూ ఒకరికొకరు క్యూఎస్ఎల్ కార్డు పంపుకుంటారు. ఫలానా రోజు ఫలానా టైముకు నీ మాట నేను విన్నాను అనే గవాహీ అది. హదీసు చెప్పేటప్పుడు ఎవరి నుంచి ఎవరు విన్నారో వరసగా చెప్పే ఇస్నాద్ మన ఉలమాకు ఎంత ముఖ్యమో మీకు తెలుసు. హదీసుకూ దీనికీ పోలిక పెట్టడం నా ఉద్దేశం కాదు. పేరు లేని మాటను నమ్మకూడదు అనే తహజీబ్ మనకు కొత్త కాదని మాత్రమే అంటున్నాను.

ఈ తహజీబ్‌లో షాహ్, ఫఖీర్ తేడా కూడా ఉండదు. జోర్డాన్ బాద్షా హుస్సేన్ హామ్. ఆయన కాల్‌సైన్ జేవై1. ఏ దేశపు మామూలు శౌకీన్ అయినా పిలిస్తే తన పేరు హుస్సేన్ అని చెప్పుకుని మాట్లాడేవారు. 1983లో కొలంబియా అంతరిక్ష నౌక నుంచి ఓవెన్ గారియట్ అనే వ్యోమగామి హామ్ రేడియోలో భూమితో మాట్లాడినప్పుడు, కింద నుంచి జవాబిచ్చిన వాళ్లలో ఆ బాద్షా ఒకరు. ఒమన్ సుల్తాన్ ఖాబూస్ కూడా హామ్. మన దగ్గర రాజీవ్ గాంధీ వీయూ2ఆర్‌జీ. 1983లోనే హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. హామ్‌లు దాన్ని నియార్ అంటారు. ఎస్. సూరి దాన్ని నిలబెట్టారు. తెలుగు నేల మీద చాలామంది హామ్‌లకు అది ఉస్తాద్ ఇల్లు.

ఆ ఇంటి మనిషే భారతీ ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ. 2004 డిసెంబర్‌లో ఆమె కొద్దిమంది సాథీలతో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లారు. 1987 తర్వాత అండమాన్ నుంచి హామ్ ఆవాజ్ వినిపించలేదు. అందుకని ప్రపంచం నలుమూలల నుంచి శౌకీన్లు ఆమెతో ఒక్క పలకరింపు కోసం వరస కట్టారు. డిసెంబర్ 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దగ్గర జల్‌జలా వచ్చింది. అప్పుడు ఆమె హోటల్‌లో సెట్టు ముందే ఉన్నారు. భూమి కంపిస్తోందని ఆమె చెప్పడం వింటుండగానే ఆవాజ్ ఆగిపోయింది. కాసేపటికి ఆమె సెట్టును మళ్లీ నడిపించి పని మొదలుపెట్టారు. సునామీతో ఫోన్లు పోయాయి. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఖబర్ బయటికి వచ్చిన దారుల్లో ఆమె సెట్టు ఒకటి. తర్వాత కార్ నికోబార్‌లో కూడా స్టేషన్ పెట్టారు. అక్కడి వాళ్ల పేర్లు, ఎవరు బతికున్నారు, ఎవరి జాడ లేదు, ఏ మందులు కావాలి అనేవి ఒక్కొక్కటిగా చెప్పేవారు. ఇవతలి ఒడ్డున హామ్‌లు రాసుకుని ఇళ్లకు ఫోన్ చేసేవారు.

మన తీరంలో కూడా ఆ రోజు వంద మందికి పైగా చనిపోయారు. విశాఖలో ఆ పూట రెండు దుఃఖాలు. ఒకటి కళ్ల ముందున్న సముద్రంది. రెండోది దాని అవతలి ఒడ్డున ఉన్న అన్నదమ్ములది. కొన్ని గంటల ముందు దాకా ప్రపంచమంతా ఆటగా పిలిచిన కాల్‌సైన్, ఆ పూట నుంచి తప్పిపోయిన వాళ్ల ఇళ్లకు ఆస్రా అయింది. సరదాగా నేర్చుకున్న పనే ముసీబత్‌లో అక్కరకొచ్చింది. ముసీబత్ వచ్చాక నేర్చుకుందామంటే కుదరదు.

పదేళ్లకు హుద్‌హుద్ వచ్చినప్పుడు నియార్ హామ్‌లు తీర జిల్లాలకు వెళ్లారు. విశాఖ హామ్‌లు ఇక్కడే ఉన్నారు. ఉన్నంతలో, ఫోన్లు తిరిగి నిలబడే దాకా, సర్కారీ అఫ్సర్లకు మాట చేరవేసే పని చేశారు. ఇక్కడ ముబాలగా చేయకూడదు. ఇరవై లక్షల జనం ఖైరియత్‌ని పదుల మంది హామ్‌లు మోయలేరు. లక్షల ఇళ్లకు మాట అందలేదు. నేను చెప్పేది ఇంకొకటి. ఆ రెండు మూడు రోజులు పేరుతో, టైముతో వచ్చిన ప్రతి మాటా బంగారమైంది. పేరు లేని మాటలైతే కావాల్సినన్ని దొరికాయి. ఫలానా ఆనకట్ట తెగిందట, ఫలానా వీధి కొట్టుకుపోయిందట. డెస్కులో కూర్చున్న వాళ్లకు అలాంటి రోజుల్లో ఎంత రాశామన్నది కాదు, ఎంత రాయకుండా ఆపామన్నదే పరీక్ష.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. హామ్ గురించి మన ఇళ్లల్లో చెబితే పిల్లల కళ్లు మెరుస్తాయి, పెద్దవాళ్ల మొహాలు మాత్రం చిన్నబోతాయి. ఒక చాచా నాతో సూటిగానే అన్నారు: “బేటా, మన ఇంట్లో వైర్‌లెస్ సెట్టా? పైన తీగలా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?” ఆ ఖౌఫ్ ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, మీకూ తెలుసు. 2016లో బెంగాల్ సరిహద్దు దగ్గర రాత్రిళ్లు బెంగాలీ, ఉర్దూల్లో అనుమానాస్పదమైన మాటలు వినిపిస్తున్నాయని అక్కడి హామ్‌లు అధికారులకు చెప్పారని పేపర్లలో వచ్చింది. ఆ వార్తలో ‘ఉర్దూ’ అన్న మాట దగ్గర మన వాళ్ల కళ్లు ఆగిపోతాయి. మన అమ్మలు జోల పాడిన జబాన్ గాలిలో వినబడితే అనుమానం అవుతుందా అని మనసు నొచ్చుకుంటుంది. నాకూ నొచ్చుకుంది.

అయితే ఆ వార్తని ఇంకోసారి చదవండి. వాళ్లు ఫిర్యాదు చేసింది కాల్‌సైన్ లేని మాటల గురించి. లైసెన్సు లేకుండా, పేరు చెప్పకుండా మాట్లాడటం ఏ జబాన్‌లోనైనా జుర్మే. అదే బెంగాల్ హామ్‌లు గంగాసాగర్ మేళాలో తప్పిపోయిన ముసలివాళ్లను, మతి తప్పిన వాళ్లను వెతికి పట్టుకుని ఎక్కడెక్కడి ఇళ్లకో చేరుస్తుంటారు. ఖౌఫ్ పోవాలంటే మనం ఆకాశంలో కనిపించకుండా ఉండటం ఇలాజ్ కాదు. పేరుతో కనిపించడమే ఇలాజ్. ఈ లైసెన్సుకు సర్కారు తహ్ఖీఖాత్ అందరికీ ఉంటుంది, మనకొక్కరికే కాదు. ఒక్కోసారి నెలల తరబడి పడుతుంది. సబ్ర్‌తో ఆగాలి. వచ్చాక ఆ కాల్‌సైన్ ఈ దేశం నీ పేరు మీద ఇచ్చిన సనద్. దాన్ని ప్రతి మాటకు ముందు నువ్వే గట్టిగా చెబుతావు. పేరు దాచుకునే వాణ్ణి అనుమానిస్తారు. పేరు చెప్పి సలాం చేసే వాడికి జవాబు సలాం వస్తుంది.

పరీక్ష మరీ కష్టమేమీ కాదు. పన్నెండేళ్లు నిండిన పిల్లలు రాయవచ్చు. రేడియో ఎలా పనిచేస్తుంది అనేది ఒక భాగం, కానూన్ ఇంకో భాగం. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు, జనరల్ గ్రేడుకు మోర్స్ చుక్కలూ గీతలూ నేర్చుకోవాలి. ఎనిమిదో తరగతి ఫిజిక్స్ అర్థమైన పిల్లకు మిగతాది అర్థమవుతుంది. పిల్లకు అని కావాలనే అన్నాను. పోర్ట్‌బ్లెయిర్‌లో ఆ పూట సెట్టు ముందు కూర్చున్నది ఒక ఆడమనిషే. మన మదర్సాల్లో, మస్జిద్ కమిటీల్లో, ఉర్దూ మీడియం స్కూళ్లలో సెలవుల్లో ఒక పది రోజులు ఈ తాలీమ్ పెడితే పెద్ద ఖర్చు కాదు. తూఫానులు మళ్లీ వస్తాయి, మన తీరం అలాంటిది. వచ్చినప్పుడు ప్రతి మొహల్లాలో ఒక్క ఇంటి మీద తీగ, ఒక్క బ్యాటరీ, పేరు చెప్పి మాట్లాడే ఒక్క మనిషి ఉంటే చాలు. ఆ మొహల్లాలో హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు అందరి ఖైరియత్ ఆ ఇంటి మీదుగా పోతుంది. ఇంతకంటే మంచి ఖిద్మత్, ఇంతకంటే మంచి హమ్‌సాయా హఖ్ నాకైతే తోచడం లేదు.

సెట్టు కొనలేని వాళ్లు, పరీక్ష రాయలేని వాళ్లు కూడా ఇందులో సగం ఇల్మ్ ఈ రాత్రే నేర్చుకోవచ్చు. ఫోనులో ఏదైనా మెసేజ్ వస్తే ముందుకు తోసే ముందు హామ్ అడిగే ప్రశ్నలే అడగండి. నువ్వెవరు? ఎక్కడి నుంచి మాట్లాడుతున్నావు? ఎప్పుడు చూశావు? ఎంత స్పష్టంగా విన్నావు? జవాబు లేకపోతే ఆ మెసేజ్‌ని మీ దగ్గరే ఆపేయండి. ఖబర్ వస్తే తస్దీఖ్ చేసుకోమని మనకు సూరె హుజురాత్‌లో హుక్మ్ ఉంది. ఒక మాట వల్ల ఒక బస్తీ కాలిపోవచ్చు, ఒక మాట వల్ల ఒక అమ్మ ఆ రాత్రి నిద్రపోవచ్చు. మన నోటి నుంచి పోయేది ఏదో మన చేతుల్లోనే ఉంది. అల్లాహ్ మన జబాన్లను అఫ్వాల నుంచి కాపాడి, ఖైరియత్ చేరవేసే వాళ్లలో మనల్ని చేర్చుగాక. ఆమీన్.